పులికాట్ తీరం నుండి తరగతి గదికి

సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రహదారికి ఇరువైపులా పులికాట్ సరస్సు పరచుకొని ఉంటుంది. శీతకాలంలో ఆ లోతు తక్కువ ఉప్పునీటిలో ఫ్లెమింగో పక్షులు బారులు తీరి మేస్తుంటాయి. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ శ్రీహరికోట దీవి నుండి 2004 సెప్టెంబరు 20వ తేదీన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 1950 కిలోల బరువుగల ఒక ఉపగ్రహాన్ని మోసుకొనిపోయింది. దాని పేరు ఎడ్యుశాట్. కేవలం విద్యాబోధన కొరకే భారతదేశం నిర్మించుకొన్న తొలి ఉపగ్రహం అది.

ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పడం అప్పటికి కొత్త కాదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 1984 ఆగస్టు 15 నుండే ఇన్సాట్ సాయంతో దూరదర్శన్‌లో కళాశాల విద్యార్థులకు పాఠాలు ప్రసారం చేయించింది. అయితే ఆ బోధన ఏకముఖమైనది. అధ్యాపకుడు చెప్పుకొంటూ పోవలసినదే. విద్యార్థికి సందేహం కలిగితే అది అతని మనస్సులోనే ఉండిపోవలసినదే.

ఎడ్యుశాట్ ఈ లోపాన్ని తీర్చదలచింది. స్టూడియోలో చెప్పిన పాఠం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాన్ని చేరి, అక్కడి నుండి కళాశాలలోని డిష్ యాంటెనాకు దిగివస్తుంది. కొన్ని కేంద్రాలలో పాఠాన్ని అందుకొనే పరికరాలు మాత్రమే ఉండేవి. మరికొన్నిటిలో విద్యార్థి ప్రశ్న తిరిగి అదే మార్గాన అధ్యాపకుని చేరే ఏర్పాటు ఉండేది. ప్రశ్న వెళ్ళి, జవాబు రావడానికి పట్టే ప్రయాణకాలం అర సెకను మాత్రమే!

నిపుణులైన అధ్యాపకులు కొద్దిమందీ, కళాశాలలు అనేకమూ ఉన్న దేశానికి ఇది ఎంతో అనువైన సాధనం. ఊరూరికీ తీగలు లాగడం వ్యయప్రయాసలతో కూడిన పని. ఉపగ్రహానికి కొండ, కోన, లంక అనే భేదం లేదు. కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం తన ఇంజనీరింగు కళాశాలలకు ఈ విధంగానే పాఠాలు అందించింది.

ఇంత చేసినా ఆశించిన ఫలితం రాలేదు. ఎడ్యుశాట్ సేవలు 2010 సెప్టెంబరులో ముగిశాయి. పథకం తన లక్ష్యాలను అందుకోలేకపోయిందనీ, కేంద్రాల అనుసంధానంలోనూ పాఠాల తయారీలోనూ నిర్వహణలోనూ లోపాలున్నాయనీ 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక తెలిపింది. దోషం ఆకాశంలో కాదు, నేలమీదనే ఉన్నదన్నమాట. గాలికి డిష్ కొంచెం పక్కకు తిరిగినా తెర మీద బొమ్మ నిలువదు. దానిని సరిచేయగలవాడు దగ్గర ఉండాలి. ప్రసార సమయానికి కరెంటు ఉండాలి. కళాశాల కాలపట్టిక దానితో కలియాలి. రాకెట్టును నింగికి పంపిన దేశానికి ఇవి చిన్న పనులుగా తోచి ఉండవచ్చు.

2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే అంతర్జాల వేదికనూ, స్వయంప్రభ టీవీ చానళ్ళనూ ప్రారంభించింది. ఒక పాఠ్యక్రమంలో 40 శాతం వరకు క్రెడిట్లను స్వయం ద్వారా పొందవచ్చునని 2021లో నిధుల సంఘం నియమాలు చేసింది. ఇప్పుడు ప్రసార సమయం కొరకు వేచి ఉండనక్కరలేదు. అర్థం కాని పాఠాన్ని చేతిలోని ఫోనులోనే మరల మరల వినవచ్చు. కాని ఈ పాఠాలలో అధికభాగం ఆంగ్లంలోనే ఉన్నాయి. ఇంటరు దాకా తెలుగులో చదివి వచ్చిన విద్యార్థి పాఠం కంటే ముందు భాషతో పెనుగులాడవలసి వస్తున్నది. ఐ.ఐ.టి.లు రూపొందించిన ఎన్‌పీటెల్ పాఠాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలోకి అనువదించే పని మాత్రం మొదలైనది.