దస్తీలో కట్టిన ముడి

నేను మొదటిసారి ఒంటరిగా రైలెక్కింది 1975 డిసెంబరులో. నాకు పదకొండేళ్లు నిండాయి. క్రిస్మస్‌కు ఇంకా రెండు వారాలుంది. జమ్మికుంటకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న మా పల్లె నుంచి బాపు నన్ను సైకిల్ మీద స్టేషన్‌కు తీసుకొచ్చాడు. చెల్లె కడుపులో గడ్డ లేచి వరంగల్ ఆస్పత్రిలో ఉంది. అవ్వ దాని మంచం దగ్గరే ఉంది. మందులకు డబ్బు కావాలని ఎవరితోనో కబురు పంపింది. బాపు ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. ఆయనకు దొరికిన సెలవు ఆ ఒక్క పూటే. అందుకే నేను వెళ్లవలసి వచ్చింది.

ఎనభై రూపాయలు. అందులో సగం అప్పు. బాపు ఆ నోట్లను మడిచి నా లాగు జేబులో పెట్టి, పైన పిన్నీసు గుచ్చాడు. "కాజీపేటల దిగాలె. అక్కడ వరంగల్ బండెక్కాలె. ఎవలన్న ఏమన్న ఇస్తె తినకు. పెద్దోళ్లు అడిగితె మర్యాదగ జెప్పు" అన్నాడు. ఈ చివరి రెండు మాటలు ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

మన జమ్మికుంట స్టేషన్ కాజీపేట – బల్లార్షా మార్గంలో ఉంది. ఈ మార్గం 1929లో పూర్తయి ఢిల్లీకి, మద్రాసుకు నేరుగా దారి కలిపింది. జమ్మికుంట వ్యాపార కేంద్రంగా ఎదగడానికి, పత్తి మార్కెట్‌గా పేరు పొందడానికి ఈ రైలు దారి ఎంతో తోడ్పడింది. అయితే ఆ రోజు నాకు ఇవేవీ తెలియవు. కిటికీ దగ్గర చోటు దొరికింది. ఉప్పల్ వచ్చింది, హసన్‌పర్తి వచ్చింది. కంట్లో బొగ్గు నలుసు పడినా తల లోపలికి తీయలేదు. ఊళ్లో నా తోటి పిల్లలెవరూ ఒంటరిగా రైలెక్కలేదు గదా అని గర్వపడ్డాను.

కాజీపేటలో

కాజీపేట అంత పెద్ద స్టేషన్ నేను ఎన్నడూ చూడలేదు. వరంగల్ బండి ఎటు వస్తుందో తెలియక నిలబడి ఉంటే తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన దగ్గరికి వచ్చాడు. "ఏ ఊరు బిడ్డా?" అని అడిగాడు. బాపు మాట ప్రకారం మర్యాదగా చెప్పాను. ఊరు చెప్పాను, బాపు పేరు చెప్పాను, చెల్లె జబ్బు చెప్పాను. మరి నాలుగు మాటల తర్వాత జేబులో ఏముందో కూడా చెప్పాను. ఆయన నన్ను బెదిరించలేదు, గుచ్చి గుచ్చి అడగలేదు. అయ్యో అన్నాడు, అంతే. మిర్చి బజ్జీలు, చాయ్ ఇప్పించాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. తిన్నాను.

ఆయన పక్కన ఇంకొక పిల్లవాడున్నాడు. నాకంటె ఏడాది, రెండేళ్లు చిన్నవాడు. చేతిలో చిన్న బట్టల మూట. "మావాడే, హైదరాబాదుల హోటల్‌ల పనికి పెడుతున్న" అన్నాడాయన. ఆయన బీడీ అంటించుకోవడానికి అటు తిరిగినప్పుడు ఆ పిల్లవాడు నా చొక్కా పట్టుకొని మెల్లగా అడిగాడు: "అన్నా, మంచిర్యాలకు పోయే బండి ఎక్కడికి వస్తది?"

నాకు తెలుసు. నేను దిగిన బండి మంచిర్యాల దిక్కు నుంచే వచ్చింది. తిరిగి అటు పోయే బండి ఎక్కడ నిలుస్తుందో బాపు చెప్పి పంపాడు, నా తిరుగు ప్రయాణం కోసం. నోరు తెరిచేలోగా ఆ మనిషి ఇటు తిరిగాడు. నా నోట్లో ఇంకా ఆయన కొనిచ్చిన బజ్జీ ఉంది. నేను చెప్పలేదు. ఆ పిల్లవాడు నా చొక్కా వదిలేశాడు.

తర్వాత ఆయన, "వరంగల్‌ల జేబుదొంగలు శానమంది. పిన్నీసు ఉన్నకాడ పైసలున్నట్టు అందరికి తెలుస్తది. ఇటియ్యి, దస్తీల ముడేసిస్త" అన్నాడు. పిన్నీసు నేనే తీశాను. నోట్లు నేనే ఇచ్చాను. నా కళ్లముందే ఎర్ర గళ్ల దస్తీలో పెట్టి గట్టిగా ముడి వేసి, నా జేబులోనే పెట్టాడు. వరంగల్ బండి ఎక్కించి చేయి కూడా ఊపాడు.

ఆస్పత్రిలో అవ్వ ముందు ముడి విప్పితే వార్తాపత్రిక ముక్కలు బయటపడతాయని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. నేను మాత్రం ముందే, ఆస్పత్రి గేటు దగ్గరే విప్పి చూశాను. చూసి, మళ్లీ ముడి వేసి జేబులో దాచుకున్నాను. అవ్వతో, "గుంపుల ఎవడో జేబు కొట్టిండు" అన్నాను. అంతకుముందు నేను అబద్ధమాడలేదని కాదు. అయితే ఇంత నిదానంగా, ముందే ఆలోచించుకొని, ఏడుపు కలిపి ఆడిన అబద్ధం ఇదే మొదటిది.

ఆ రాత్రి నేను నిద్రపోయాక అవ్వ నా లాగు ఉతకబోయింది. పొద్దున లేచేసరికి దస్తీ ఆమె ఒడిలో ఉంది. "జేబు కొట్టినోడు దస్తీ పెట్టి పోతడారా?" అని మాత్రం అడిగింది. అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పాను. అవ్వ కొట్టలేదు. "పైసలు పోతె పోయినయి. వాడు నిన్ను తీస్కపోతె నేనేం జేద్దును బిడ్డా" అని నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ మధ్యాహ్నమే కాళ్ల కడియాలు అమ్మి మందులు కొన్నది. చెల్లె బతికింది. ఇప్పుడు దానికి మనవలున్నారు.

కాని 'అంతా చెప్పాను' అన్నానే, అది నిజం కాదు. ఆ పిల్లవాని సంగతి చెప్పలేదు. వానికీ మంచిర్యాల దిక్కున ఒక అవ్వ ఉండే ఉంటుంది. నన్ను దగ్గరికి తీసుకున్నట్టు వాణ్ణి తీసుకోవాలని ఆమె ఎన్నేళ్లు ఎదురుచూసిందో! బాపు ఆ అప్పు రెండేళ్లలో తీర్చాడు. నా అప్పు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

బుద్ధిమంతుడైన పిల్లవాడు

పాఠకులారా, ఆదికాండము 37వ అధ్యాయం మనం సండే స్కూలు నుంచి వింటున్నదే. యోసేపుకు పదిహేడేళ్లు. అన్నలు క్షేమంగా ఉన్నారో లేదో చూసి రమ్మని తండ్రి హెబ్రోను నుంచి షెకెముకు ఒంటరిగా పంపాడు. తండ్రి మాట వినే పిల్లవాడు వెంటనే బయలుదేరాడు. తిరిగి ఇల్లు చేరలేదు. మనం రంగుల అంగీ గురించి ఎక్కువగా మాట్లాడుకుంటాం గాని, ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసినవి రెండున్నాయి. పిల్లవాడు బుద్ధిమంతుడైనంత మాత్రాన దారిలో ఆపద రాకుండా ఉండదు. రెండవది, అతణ్ణి అమ్మింది కొత్తవారు కాదు, సొంతవారే.

ఈ రోజుకూ అదే జరుగుతున్నది. పల్లె పిల్లలను పనికి తరలించేవాడు చాలాసార్లు ముక్కూమొహం తెలియనివాడు కాడు. పక్క ఊరి మేస్త్రీయో, దూరపు బంధువో, పండుగకు మంచి బట్టలతో వచ్చినవాడో అయి ఉంటాడు. తల్లిదండ్రులకు కొంత అడ్వాన్సు కూడా ఇస్తాడు.

దారి తప్పిన పిల్లవాడు ఇల్లు చేరడం ఎంత కష్టమో ఖాండ్వా పట్టణపు సరూ కథ లోకానికి చెప్పింది. 1986లో, సుమారు ఐదేళ్ల వయసులో అతడు బుర్హాన్‌పూర్ స్టేషన్‌లో ఆగి ఉన్న రైలెక్కి నిద్రపోయి కలకత్తా చేరాడు. ఊరి పేరు సరిగా చెప్పలేకపోయాడు. 1987లో ఆస్ట్రేలియా దంపతులు దత్తత తీసుకున్నారు. 2011లో కంప్యూటరులో ఉపగ్రహ చిత్రాలు వెదికి తన ఊరు గుర్తుపట్టి, 2012లో తల్లిని కలుసుకున్నాడు. పాతికేళ్లు పట్టింది. ఊరి పేరు, జిల్లా పేరు సరిగా తెలిసి ఉంటే కొద్ది రోజుల్లోనే ఇల్లు చేరేవాడేమో!

నేడు మనకున్న సహాయం

1975లో కాజీపేటలో నేను నోరు తెరిచినా ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. ఇప్పుడు ఆ సాకు లేదు. కష్టంలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు 1996లో ముంబయిలో మొదలై దేశమంతా వ్యాపించింది. పగలైనా రాత్రయినా ఖర్చు లేకుండా చేయవచ్చు. పిల్లలు కూడా స్వయంగా చేయవచ్చు. రైలులోనైతే 139, ఎక్కడైనా 112 ఉన్నాయి. తప్పిపోయిన పిల్లవాడు కనిపిస్తే 24 గంటల్లో పోలీసులకో, 1098కో తెలపాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది. ఆ పిల్లవాణ్ణి జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళతారు. హోటళ్లలో, ఇళ్లలో పిల్లల చేత పని చేయించడాన్ని 2006లో నిషేధించారు. 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదు. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయపడటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 2015 నుంచి జనవరిలోనూ, జూలైలోనూ పోలీసులు ఇటువంటి పిల్లల కోసం ప్రత్యేకంగా గాలిస్తున్నారు.

పిల్లలను పంపే ముందు

పండుగ సెలవులు కాగానే మన పిల్లలు హాస్టళ్లకు, కాలేజీలకు ఒంటరిగా బయలుదేరుతారు. వారిని ఎప్పటికీ కొంగుకు కట్టుకోలేం, కట్టుకోకూడదు కూడా. అయితే ఈ నాలుగు మాటలు చెప్పి పంపుదాం.

ఒకటి: ఊరు, మండలం, జిల్లా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు నోటికి వచ్చి ఉండాలి. ఫోన్ పోయినా నోరు పోదు.

రెండు: పెద్దలు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పడం మర్యాద కాదు. "మా బాపు వస్తున్నడు" అని పక్కకు జరగడం తప్పు కాదు. దారి అడగవలసి వస్తే యూనిఫారంలో ఉన్న రైల్వే ఉద్యోగినో, పిల్లలతో ఉన్న తల్లినో అడగమనండి.

మూడు: తెలిసినవారైనా సరే, 'ఇంట్లో చెప్పకు' అన్నారంటే ఆ మాట ముందుగా ఇంట్లోనే చెప్పాలి.

నాలుగవది మనకు. మోసపోయి వచ్చిన పిల్లవాణ్ణి మొదట కొట్టవద్దు, తిట్టవద్దు. దెబ్బకు భయపడిన పిల్లవాడు మిగతాది దాచేస్తాడు. మా అవ్వ కొట్టలేదు గనుకనే నేను డబ్బు సంగతి చెప్పగలిగాను. నాకు ఇంకొంచెం ధైర్యముండి ఉంటే రెండో సంగతి కూడా ఆ పొద్దుననే చెప్పేవాణ్ణి. అవ్వ ఊరుకునే మనిషి కాదు.

ఇప్పటికీ పని మీద జమ్మికుంట స్టేషన్‌కు వెళుతుంటాను. ఒంటరిగా ఉన్న పిల్లవాడు కనిపిస్తే, నలుగురికీ వినపడేటట్టు, "ఏ ఊరు బిడ్డా? ఎవలతోని వచ్చినవు?" అని అడుగుతాను. తెల్ల చొక్కా మనిషి అడిగిన మాటే అది. అందుకే కొందరు తల్లులు నన్ను అనుమానంగా చూసి పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంటారు. నాకు కోపం రాదు, వారు చేసిందే సరి. ఎవరూ వచ్చి లాక్కోని పిల్లవాడైతే మాత్రం నేను అక్కడి నుంచి కదలను. 1098కు ఫోన్ చేస్తాను, వచ్చేవారు వచ్చేదాకా పక్కనే కూర్చుంటాను. ఇంతవరకు రెండుసార్లు అట్లా కూర్చున్నాను.