టీసీ ఇస్తే కథ ముగిసినట్టేనా?

వడమాలపేట చుట్టుపక్కల పిల్లలు ఇంటర్ దాటాక పుత్తూరుకో, రేణిగుంట మీదుగా తిరుపతికో చదువుకు పోతారు. అక్కడ ఏ గొడవలోనైనా ఇరుక్కుంటే ఇంట్లో పెద్దలు అనే మాట దాదాపు ఒకటే: ప్రైవేటు కాలేజీ, వాళ్లిష్టం, టీసీ ఇచ్చి పంపేస్తారు. ఇది అపోహ. కాలేజీకి క్రమశిక్షణ చర్యలు తీసుకునే అధికారం ఉంది గానీ, ఎలా పడితే అలా వాడే వీల్లేదు. చూచిరాత పేరుతో ఉత్తరప్రదేశ్ బోర్డు విద్యార్థుల ఫలితాలు రద్దు చేస్తే, వాళ్ల మాట వినకుండా శిక్షించడం చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. అది ప్రభుత్వ బోర్డు కదా అంటారా? ప్రజలకు సంబంధించిన బాధ్యత నిర్వర్తించే ప్రైవేటు కాలేజీ మీదా రిట్ వేయొచ్చని 1989లో ఆండీ ముక్తా కేసులో అదే కోర్టు చెప్పింది. 2015లో చెన్నై పక్కనున్న ఒక డీమ్డ్ యూనివర్సిటీకీ ఆ సూత్రాన్ని వర్తింపజేసింది. ఈ రెండూ అధ్యాపకులు వేసిన కేసులే, అయినా చదువు చెప్పడమే ఆ బాధ్యత అయినప్పుడు విద్యార్థిని పరాయివాడిగా చూడడం కుదరదు.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: విచారణ అచ్చం కోర్టులోలా జరగాలని, లాయరు, క్రాస్ ఎగ్జామినేషన్ లేకపోతే శిక్ష కొట్టేస్తారని. రాంచీ మెడికల్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్ ఆవరణలోకి రాత్రివేళ చొరబడినవాళ్లను బహిష్కరిస్తే, ఫిర్యాదు చేసిన అమ్మాయిలను నిందితుల ఎదుట విచారించనక్కర్లేదని 1973లో సుప్రీంకోర్టు సమర్థించింది. నా దృష్టిలో అది సబబే. భయపడే సాక్షికీ న్యాయం కావాలి. ఆరోపణ ఏమిటో చెప్పడం, జవాబుకు సమయమివ్వడం, పక్షపాతం లేనివాళ్లు తేల్చడం మాత్రం అక్కడా తప్పనిసరే.

బహిష్కరణ ప్రతిసారీ ఆ పేరుతోనే రాదు. 2015 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి సస్పెండ్ చేసింది. రికార్డుల్లో పేర్లు ఉన్నాయి, తలదాచుకునే గది లేదు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాక, నాలుగు రోజులకు మిగతావాళ్ల మీద సస్పెన్షన్ ఎత్తేశారు. ఇంకో దారి మరీ నిశ్శబ్దం: 'మా ఇష్టప్రకారమే మాన్పిస్తున్నాం' అని తల్లిదండ్రుల చేత రాయించి సంతకం పెట్టించుకోవడం. పిల్లవాడి రికార్డు చెడకుండా చేసే ఉపకారమని దీన్ని చెబుతారు, కొన్నిసార్లు అది నిజం కూడా. అయితే ఆ సంతకంతో బహిష్కరణ అనేదే కాగితం మీద ఉండదు. ప్రశ్నించడానికి ఉత్తర్వే లేనప్పుడు కోర్టులో వాదించడం చాలా కష్టం. అందుకే ముందు అడగాల్సింది కారణాలు రాసిన ఉత్తర్వు.

ఎదురు తిరిగితే ఇంటర్నల్ మార్కుల్లో కక్ష తీర్చుకుంటారన్న భయం ఉత్తది కాదు. అయితే యూజీసీ 2023 నిబంధనల్లో వేధింపులను, సర్టిఫికెట్లు ఆపడాన్ని ఫిర్యాదు చేయదగ్గ విషయాలుగా చేర్చింది. కాలేజీలోని విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, తృప్తి కలగకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇంటర్ కాలేజీలకు ఈ నిబంధనలు వర్తించవు, అక్కడ ఇంటర్ బోర్డునే ఆశ్రయించాలి. ఎక్కడైనా సరే, అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోవాలి.