మీకు తెలుసా? బిర్యానీ దినుసులో ఫ్లూ మందు ముడిసరుకు

బిర్యానీలో పంటికి తగిలితే తీసి పక్కన పెట్టేసే అనాస పువ్వును ఈసారి కాస్త పరికించి చూడండి. నిజానికది ఎండిన కాయ. ఎనిమిది రెక్కలు, ఒక్కో రెక్కలో నున్నగా మెరిసే గోధుమరంగు గింజ. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ తయారీకి మూలమైన షికిమిక్ ఆమ్లాన్ని ఈ కాయ నుంచే తీశారు. 1999లో అమెరికాలో అనుమతి పొందిన టామిఫ్లూ ఈ ఒసెల్టామివిరే. కణంలో పుట్టిన కొత్త వైరస్‌లు దాన్ని వదిలించుకుని పక్క కణాల మీద పడాలంటే న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఈ మందు దానికే అడ్డుపడుతుంది. అందుకే జబ్బు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే ఎక్కువ ఫలితం.

2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలు ఈ మందు కోసం ఎగబడితే, ఎక్కువగా చైనాలో పండే అనాస పువ్వుకు కటకట వచ్చింది. ఇప్పుడు ఆ ఆమ్లాన్ని ఈ.కొలై బ్యాక్టీరియా చేత కూడా చేయిస్తున్నారు. మన హైదరాబాద్ కంపెనీ హెటెరో కూడా టామిఫ్లూ కంపెనీ రోష్ ఇచ్చిన లైసెన్సుతో ఈ మందు తయారుచేసింది.

అలాగని అనాస పువ్వుతో కషాయం కాచుకుని తాగితే ఫ్లూ తగ్గదు. ఆ ఆమ్లం మందుగా మారడానికి ఎన్నో రసాయన చర్యలు దాటాలి. పైగా అచ్చం ఇలాగే ఉండే జపాన్ రకం కాయ విషం!