అర్హతను వెదకవలసినది ఎవరు?

పేదరికాన్ని కొలవడానికి ప్రభుత్వాలు కొలబద్దలు ఏర్పరుస్తాయి. మన రాష్ట్రంలో 2019 చివర ‘నవశకం’ సర్వేతో స్థిరపడిన కొలబద్ద ఇది: కుటుంబ నెలసరి ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు మించరాదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటరాదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపు ఉండాలి. కుటుంబంలో ప్రభుత్వోద్యోగి గాని, ఆదాయపు పన్ను చెల్లించేవారు గాని, నాలుగు చక్రాల సొంత వాహనం గాని ఉండరాదు. ఆటో, టాక్సీ, ట్రాక్టరులకు మాత్రం మినహాయింపు.

ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. ప్రజాధనం అమానతు, కలవారు దానిని అనుభవించడం అన్యాయమే. అయితే ఈ కొలత వ్యక్తికి కాక కుటుంబానికి వర్తిస్తుంది. తిరుపతి ఇరుకు వీధుల్లో ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలుంటాయి. బిల్లు ఒక్కటే, పొయ్యిలు మూడు. బెంగుళూరులో కొలువు చేసే కుమారుడు అదే రేషన్ కార్డులో ఉండి పన్ను కడితే, పలమనేరులోని వితంతువైన తల్లి కాగితం మీద కలిగినదే. అతడు ఆమెకు చిల్లిగవ్వ పంపుతున్నాడా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. చాకిరీతో అరిగిన వేలిముద్రను యంత్రం గుర్తించదు. లోపం ఎక్కడున్నా, దానిని సరిచేయించుకోవడానికి సచివాలయం చుట్టూ తిరగవలసినది ఆ వృద్ధురాలే. పోయేది నెలకు 4,000 రూపాయల పింఛను. ఆమె మందులు, బియ్యం అందులోనివే.

షరీఅత్‌కూ కొలబద్ద ఉంది. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను తౌబా సూరా 60వ ఆయతు నిర్ణయించింది. కాని హనఫీ ఫిఖహ్‌లో నివాసగృహం, ఇంటి సామాను, వృత్తి పనిముట్లు, స్వారీకి వాడే వాహనం నిత్యావసరాలు. అవి నిసాబు లెక్కలోకి రావు. సొంత ఇల్లున్నా మనిషి ఫకీరు కావచ్చు. విచారించి, పేదవాడని నమ్మి జకాత్ ఇచ్చిన తరువాత అతడు ధనికుడని తేలినా, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో ఆ జకాత్ చెల్లిపోతుంది. ఇచ్చినవాని పొరపాటుకు ఇంతటి వెసులుబాటు ఉంది!

దృఢకాయులైన ఇద్దరు వచ్చి జకాత్ కోరినప్పుడు దైవప్రవక్త (స.అ.సం) వారిని ఎగాదిగా చూశారు. ధనికునికీ, సంపాదించగల బలవంతునికీ ఇందులో వాటా లేదని తెలిపి, మీరు కోరితే ఇస్తానన్నారు. నియమం చెప్పారు, నిర్ణయం వారి మనస్సాక్షికి వదిలారు. ధ్రువపత్రం అడగలేదు.

నియమం తప్పుగా కుదిరితే ఏమవుతుందో హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఉదంతం చెబుతుంది. పాలు మానిన పిల్లలకే భత్యమని తొలుత నిర్ణయించారు. ఒక రాత్రి మదీనా వెలుపల విడిసిన వర్తకుల బిడారానికి కాపలా కాస్తుండగా పసిబిడ్డ ఏడుపు ఆగలేదు. భత్యం కోసం గడువుకు ముందే బిడ్డకు పాలు మాన్పిస్తున్నానని తల్లి చెప్పింది. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. ఫజ్ర్ నమాజులో ఆయన గొంతు పూడిపోయింది. అనంతరం పుట్టిన ప్రతి శిశువుకూ భత్యమని చాటింపు వేయించారు. తల్లి అబద్ధమాడిందా అని విచారణ జరపలేదు.

ప్రభుత్వాన్ని అనడం తేలిక. రమజానులో మన కమిటీల వాకిళ్ళ ముందు టోకెన్లు పట్టుకొని ఎండలో నిలబడే స్త్రీల మాటేమిటి? రేషన్ కిట్టు చేతికిస్తూ తీసే ఫోటో ఎవరి కోసం? ఆ వరుసలో నిలబడలేని ఆత్మగౌరవం గలవారినే దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 273వ ఆయతులో గుర్తుచేసింది. ఎరుగనివారు వారిని సంపన్నులనుకుంటారు. అడగనివారిని వెదికి కనుగొనవలసినది ఇచ్చేవాడే.

కనుక షాబాన్ మాసంలోనే మస్జిదు కమిటీలు ఇద్దరిద్దరుగా, స్త్రీలున్న ఇళ్ళకు స్త్రీలనే పంపి, మొహల్లా అంతా తిరిగితే మేలు. పింఛను ఆగిపోయినవారి కాగితాలు చూడగల చదువుకున్న యువకుడొకడు వెంట ఉండాలి. అర్జీ రాసిచ్చి, వారితో సచివాలయం దాకా నడవడమూ సదఖాయే.