సంఘము కూడిన నాడు

కర్నూలు నుండి నంద్యాల మీదుగా కడపకు పోవు బాటలో ఓర్వకల్లు తగులును. చుట్టును రాతిగుట్టలు, వానను నమ్ముకొన్న మెట్టచేలు. ఆ రాళ్ల వింతను చూడ వచ్చువారున్నారు గాని, ఈ మండలమునకు పేరు తెచ్చినవి ఆడువారి పొదుపు సంఘములు. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో కర్నూలు, అనంతపురము, మహబూబునగరము జిల్లాలలో దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకము నడచెను. ఇచ్చటి సంఘములు బలపడినది అప్పుడే. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ మార్గమును రాష్ట్రమంతటికి విస్తరింపజేసెను. కడప పల్లెలలోను నేడు సంఘము లేని ఊరు అరుదు.

సంఘమనగా పది పదిహేనుమంది. కూడుట పెక్కుచోట్ల రాత్రివేళనే. పగలు కూలికి పోవలెను గదా! సంగటి కెలికి, పిల్లలకు పెట్టి, వచ్చి బండల మీద గుండ్రముగ కూర్చుందురు. ఎవరికిని ఎత్తుపీట లేదు. మొదట ఒక పాట, పిదప హాజరు. రానివారు ఎందుకు రాలేదో విచారణ. అటుపిమ్మట పొదుపు, బాకీలు, క్రొత్త అప్పులు. ఒకతె బిడ్డ కాన్పునకు అడుగును, మరియొకతె విత్తనపు వేరుసెనగకు. ముందెవరికీయవలెనో వాదులాడుకొని తామే తేల్చుకొందురు. ఆ వాదులాటలో అలవడునంత పౌరధర్మము మన పాఠ్యపుస్తకములలో దొరకుట కష్టము.

ఉపాధ్యాయులకు ఇంపుగా తోచునది పద్దు వేయు ఘట్టము. దినమునకు రూపాయి చొప్పున నెలకు 30 రూపాయలు దాచుటతో పలు సంఘములు మొదలైనవి. పదిమందియున్న నెలకు 300, ఏడాదికి 3,600. అందులోనుండి ఒకామె 1,000 రూపాయలు తీసికొన్నదనుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీయైన, మొదటి నెల 20. అసలులో 100 తీర్చినచో మరుసటి నెల 18 మాత్రమే. ఆ రెండు రూపాయలు ఎందుకు తగ్గినవో తెలిసినచో, అసలు తీరుచున్నను వడ్డీ తగ్గని షావుకారు లెక్కలోని కిటుకు తెలిసినట్లే. చక్రవడ్డీ చెప్పి చెప్పి విసిగిన పంతుళ్లు ఒకసారి ఈ తరగతికి పోయి కూర్చుండవచ్చును.

అయితే ఆ పద్దు వ్రాయుచున్నదెవరు? 2011 జనాభా లెక్కల నాటికి కర్నూలు జిల్లా స్త్రీలలో దాదాపు సగముమందికి చదువు రాదు. కావున పుస్తకములు చదువుకొన్న ఏ యొక్క పిల్ల చేతిలోనో ఉండును. తక్కినవారు విని తలయూపుదురు. వేలిముద్ర పోయి సంతకము వచ్చినదని మనము సంబరపడుదుము. చదువని కాగితముపై పెట్టిన సంతకమునకు వేలిముద్రకంటె ఎక్కువ విలువేమి? 2010లో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మితిమీరి, అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. ఆ అప్పుకాగితములపై సంతకములు పెట్టినవారిలో పెక్కుమంది ఇట్టి సంఘముల స్త్రీలే.

చదువు నిజముగా అబ్బినచో ఏమగునో నెల్లూరు జిల్లా దూబగుంట చూపినది. అక్షరాస్యతా వాచకములోని ‘సీతమ్మ కథ’ అచ్చటి స్త్రీలను సారాపై పోరునకు పురికొల్పెను. 1992లో ఆ ఉద్యమము రాయలసీమకును ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధము వచ్చెను. ఆ జిల్లా స్త్రీలే పిదప పొదుపులక్ష్మి పేర డబ్బు దాచుట మొదలిడిరి.

ఊరిబడి పంతులు గాని, పై తరగతి బాలిక గాని నెలకొక రాత్రి సంఘములో కూర్చున్న చాలును. ఎవరి పద్దు వారిచేతనే చదివింపవచ్చును. తొలుత అంకెలు, పిదప తన పేరున్న వరుస, అటుపై తీర్మానముల పుస్తకము. బ్యాంకు కాగితము వంతు ఆ తరువాత.