హిమాలయ యాత్ర – గృహిణులు చేసికొనవలసిన యేర్పాట్లు

మంచుకొండకు పోయి చిక్కుపడిన యాత్రికుడనగా మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చువాడు ప్రవరుడు. మనుచరిత్రము చదివిన సోదరీమణులకు ఆ కథ తెలిసినదే. సిద్ధుడిచ్చిన లేపనమును పాదములకు పూసికొని ఆయన క్షణములో హిమవంతమును చేరెను. అచ్చటి మంచునీట ఆ లేపనము కరగిపోయెను. ఇంటియొద్ద వృద్ధులైన తల్లిదండ్రులు, ఇల్లాలు, అగ్నిహోత్రము. ఇచ్చట తిరుగుత్రోవ తెలియని బ్రాహ్మణుడు. ఆయనకు భక్తి కొఱతపడలేదు, నిష్ఠ కొఱతపడలేదు. ఆ దేశము చలి యెట్టిదో, తాను పూసికొన్నది ఆ చలికి నిలుచునో లేదో ముందుగా విచారింపకపోవుటయే కొఱత.

ప్రతి వేసవియందును మన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల నుండి ఎన్నియో కుటుంబములు కేదార బదరీ యాత్రలకు బయలుదేరుచున్నవి. మనది గోదావరి పాయల నడుమ, సముద్రమట్టమునకు కొలది మీటర్ల యెత్తున నున్న నేల. ధనుర్మాసపు మంచుకే శాలువ వెదకికొనువారము. కేదారనాథము 3,583 మీటర్ల యెత్తునను, బదరీనాథము సుమారు 3,100 మీటర్ల యెత్తునను ఉన్నవి. ఇంటిలో ప్రయాణపు మూట కట్టునది గృహిణియే గనుక, ఆమెకు తెలియవలసిన సంగతులను కొన్నిటిని వ్రాయుచున్నాను.

కాలనిర్ణయము

మొదట ఇంటిల్లిపాది కూర్చుండి, మనము కోరునది దైవదర్శనమా, మంచులో విహారమా యని తేల్చుకొనవలెను. పెద్దలు బదరి యందురు. పిల్లలు మంచుమీద పలకలు కట్టుకొని జారెడి స్కీయింగ్ అను క్రీడ నేర్తుమందురు. ఈ రెండును ఒక్క ప్రయాణములో కుదురవు. ఆలయములు శీతకాలమున మూయబడును. మంచుక్రీడకు తగిన కాలము జనవరి మొదలు మార్చి తొలిదినముల వరకే.

కేదారనాథుని తలుపులు తెఱచు దినమును మహాశివరాత్రినాడు ఉఖీమఠములోను, బదరీనాథుని తలుపులు తెఱచు దినమును వసంతపంచమినాడు నరేంద్రనగరములోను ప్రకటింతురు. సామాన్యముగా ఏప్రిలు కడపటనో మే మొదటనో తెఱచుదురు. కేదారమును యమద్వితీయ నాడు, అనగా మన భగినీహస్తభోజనమునాడు, మూయుదురు. బదరి మఱికొన్ని దినములకు మూయబడును.

బడిసెలవులను బట్టి మనవారు మే నెలలోనే పోదురు. అప్పుడు జనసమ్మర్దము మిక్కుటము. జూలై ఆగష్టులలో వానలకు కొండచరియలు విరిగిపడును. ఆ నెలలు వలదు. వీలున్నవారికి సెప్టెంబరు కడపటినుండి అక్టోబరు వరకు మంచి కాలము. ఆకాశము నిర్మలముగా నుండును, జనము తక్కువ. చలి మాత్రము హెచ్చు. యాత్రికులందఱును ముందుగా ప్రభుత్వమువారి యొద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. అది లేనిదే ముందుకు పోనీయరు. హెలికాప్టరులో కేదారమునకు పోగోరువారు రైల్వేవారి ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా మాత్రమే టిక్కెట్టు కొనవలెను. తాము ఇప్పింతుమని ఫోనులో పలికెడి వారిని నమ్మి సొమ్ము పంపరాదు.

త్రోవ

మనలో ననేకులు రాజమహేంద్రవరములో రైలెక్కి ఢిల్లీ చేరి, అక్కడినుండి హరిద్వారమునకో ఋషీకేశమునకో పోవుదురు. అటుపిమ్మట కొండదారి. దేవప్రయాగ, రుద్రప్రయాగల మీదుగా గుప్తకాశి, సోనప్రయాగ దాటి గౌరీకుండము చేరవలెను. అక్కడినుండి కేదారమునకు సుమారు 16 కిలోమీటర్లు నడకయో, గుఱ్ఱమో, డోలీయో. బదరికి రుద్రప్రయాగ నుండి కర్ణప్రయాగ, నందప్రయాగ, జోషీమఠము, విష్ణుప్రయాగల మీదుగా మోటారు గుడివఱకు పోవును. కావున నడువలేని పెద్దలకు బదరి సులభము, కేదారము కష్టము. రాత్రివేళ కొండదారిలో బండ్లను నడపనీయరు. చరియలు విరిగి దారి మూసికొనుట సామాన్యము గనుక, తిరుగు రైలు టిక్కెట్టుకు ముందు రెండు దినములైనను ఖాళీగా ఉంచుకొనవలెను.

ఎత్తు చేయు అపకారము

ఇది యన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పైకి పోయినకొలదియు గాలి పలుచనగును. కేదారమున మన శ్వాసకు దొరకు ప్రాణవాయువు మన యూరిలో దొరకుదానిలో సుమారు మూడింట రెండు పాళ్లు మాత్రమే. వంటయింటి సంగతితో చెప్పినచో, అక్కడ నీరు 90 డిగ్రీలలోపుననే తెర్లును. పప్పు ఎంతసేపు కాచినను పలుకుగానే యుండును. కుక్కరు లేనిదే ఉడుకదు. పొయ్యిమీది పప్పుకే ఇట్టి మార్పు కలిగినప్పుడు శరీరమునకు కలుగకుండునా?

తలనొప్పి, వికారము, తల తిరుగుట, నిద్ర పట్టకపోవుట మొదటి గుర్తులు. ఇవి కనబడినచో అంతకుమించి పైకి పోరాదు. కూర్చున్నచోటనే ఆయాసము వచ్చుట, దగ్గు హెచ్చుట, అడుగులు తడబడుట, మాట పొంతన లేకపోవుట ప్రమాదసూచనలు. అప్పుడు గడియయైనను ఆలసింపక క్రిందికి దిగవలెను. ప్రాణవాయువు సీసా తాత్కాలికముగా తోడ్పడును గాని, దిగుటకు బదులు కానేరదు. అలవాటు పడుటకు గుప్తకాశి వంటి చోట ఒక్కరాత్రియైన నిలిచి, నెమ్మదిగా ఎక్కవలెను. హెలికాప్టరులో పోవువారు కొలది నిమిషములలోనే పైకి చేరుదురు గనుక వారి శరీరమునకు అలవాటు పడు వ్యవధియే లేదు. వారు మఱింత జాగ్రత్తగా నుండవలెను. నీరు తఱచుగా త్రాగవలెను. నిద్రమాత్రలు వాడరాదు.

2019 మే నెలలో మేము కేదారమునకు పోయితిమి. మమ్ము కొనిపోయిన ప్రయాణసంస్థవారు హరిద్వారము విడిచిన మఱునాడే కేదారదర్శనమని కార్యక్రమము వ్రాసిరి. దినములు తక్కువగా నున్నచో ఖర్చు తక్కువని మేమును సంతోషించితిమి. మా అత్తగారికి అప్పటికి అఱువది యెనిమిదేండ్లు. గుఱ్ఱముమీద లించోలీ చేరువఱకు ఆమె యొక్క మాటయైన పలుకలేదు. ఫలహారమిచ్చినచో ఉపవాసమనెను. దిగి నాలుగడుగులు వేయుసరికి ప్రక్కకు తూలెను. అప్పుడుగాని నాకు అనుమానము తోచలేదు. “అత్తయ్యగారూ, ఎప్పటినుండి తలనొప్పి?” యని గట్టిగా నడిగితిని. “ప్రొద్దుటినుంచే అమ్మా. చెప్పితే వెనక్కి తిప్పేస్తారు. నావల్ల మీ అందరి దర్శనమూ పోదా?” అనెను.

నేను ఆమెతో మరల దిగితిని. తక్కినవారు పైకి పోయిరి. భీంబలిలోని వైద్యుడు చూచి, ఇంకను దిగుడని చెప్పెను. గౌరీకుండము చేరువేళకు తలనొప్పి తగ్గెను. రాత్రికి కొంచెము జావ త్రాగెను. మఱునాడు మోటారులో త్రియుగీనారాయణమునకు పోయితిమి. పార్వతీపరమేశ్వరుల కల్యాణము జరిగినదని ప్రసిద్ధిగాంచిన చోటది. అచ్చట హోమగుండము ఆరకుండ వెలుగుచుండును. ఆమె దాని చెంత చాలసేపు కూర్చుండి, లేచునప్పుడు, “చెప్పకపోవడం నాదే తప్పు” అని మాత్రమనెను.

ఆ తప్పు ఆమె ఒక్కర్తెది కాదు. జ్వరము వచ్చినను వంట ముగించి పడుకొనుట మన యిండ్లలో ఆడవారికి చిన్నప్పటినుండి అలవాటు. ఊరిలో ఆ యోర్పునకు మెచ్చుకోలు దొరకును. కొండమీద దానికి ప్రాణము మూల్యము. కావున బయలుదేరుటకు ముందే ఇంటిలో ఒక కట్టుబాటు చేసికొనుడు: నొప్పి చెప్పినవారిని ఎవరును నిందింపరాదు, అట్టివారితో దిగువారెవరో ఇంటియొద్దనే నిశ్చయించుకొనవలెను.

వైద్యము

గుండెజబ్బు, ఉబ్బసము, రక్తపుపోటు, మధుమేహము గలవారు నెలముందుగా వైద్యుని సలహా పొందవలెను. గర్భవతులు ఈ యాత్ర మానుట మేలు. ఎత్తునకు అలవాటు పడుటకు ఎసిటజోలమైడు అను మాత్రలున్నవి. అందఱకును పడవు గనుక వైద్యుడు వ్రాసియిచ్చిననే వాడవలెను. నెలసరిని వాయిదా వేయుటకు మందులషాపులో అడిగి మాత్రలు కొనుట మనలో వాడుకైపోయినది. రక్తము గడ్డకట్టు స్వభావము గలవారికి అవి అపాయకరము. వైద్యురాలిని అడుగక మ్రింగరాదు. ఇన్సులిన్ గడ్డకట్టినచో పనికిరాదు. దానిని సంచిలో గాక, ఒంటికి చేరువగా దుస్తుల లోపల ఉంచుకొనవలెను. నిత్యము వాడెడి మందులను రెండు భాగములు చేసి రెండు వేర్వేఱు సంచులలో పెట్టుడు. మనకు కొండలు లేవు గదా యని ఊరకుండక, నెలదినములు ఏటిగట్టుమీద ప్రొద్దుటిపూట ఒక గంట నడచినచో కాళ్లకు సత్తువ కలుగును.

వస్త్రములు

ఒక్క మందపాటి కోటుకంటె పలుచని ఉడుపులు మూడు నాలుగు ఒకదానిపై నొకటి తొడుగుట మేలు; ఎక్కునప్పుడు విప్పవచ్చును, ఆగినప్పుడు తొడుగవచ్చును. ఒంటి నంటి యుండునది నూలుబట్ట కారాదు. నూలు చెమటను పీల్చి తడిగానే యుండి చలి పుట్టించును. ఉన్ని యట్లు చేయదు. చీర కట్టుకొనువారు లోపల ఉన్ని పైజామా తొడిగి, కుచ్చెళ్లు చీలమండలకు పైగా నుండునట్లు కట్టవలెను. తడిసిన అంచు కాళ్లకు చుట్టుకొని పడవేయును. అడుగు జాఱని బూట్లను ఇంటియొద్దనే పదునైదు దినములు తొడిగి అలవాటు చేసికొనుడు. ఉన్ని మేజోళ్లు, చేతొడుగులు, చెవులు కప్పు టోపీ, వానకోటు తప్పనిసరి. మంచుపై ఎండ కన్నులకు మిక్కిలి హాని చేయును గనుక నల్లకళ్లద్దములు కావలెను. కొబ్బరినూనె సీసాలోనే ఱాయియై పోవును; మొగమునకు, పెదవులకు వాసెలైను తీసికొనిపొండు.

ఆహారము

సున్నుండలు, మామిడితాండ్ర, వేయించిన వేరుసెనగలు, బెల్లము, అటుకులు, కందిపొడి దారిలో మిక్కిలి ఉపయోగపడును. పూతరేకులు సంచిలో నలిగి పొడియగును, వలదు. ఎత్తున ఆకలి మందగించును గనుక కొంచెము కొంచెముగా పలుమాఱు తినిపించవలెను. ఉపవాసములు దిగివచ్చిన పిదప చేయవచ్చును.

ఆపదకు ముందుచూపు

2013 జూన్ 16, 17 తేదీలలో మహావర్షములకు చోరాబారీ సరస్సు గట్టు తెగి, కేదారముపై వఱద విరుచుకొనిపడి వేలకొలది ప్రాణములు పోయినవి. ఒక పెద్దబండ ఆలయము వెనుక నిలిచి ప్రవాహమును చీల్చుటచే గుడి నిలిచెను. మన తెలుగువారు ననేకులు ఆనాడు చిక్కుకొనిరి. హిందీ రాని వృద్ధస్త్రీలు తమవారినుండి విడిపోయినచో తామెవరో చెప్పుకొనుటయే కష్టము. కావున ప్రతివారి జాకెట్టు లోపలను ఒక కాగితము, తడవని సంచిలో పెట్టి, పిన్నీసుతో గ్రుచ్చవలెను. అందు పేరు, ఊరు, ఇంటివద్ద నున్న బంధువు ఫోను నంబరు, రక్తపు వర్గము, వాడు మందులు, తెలుగులోను హిందీలోను వ్రాయుడు. చలికి ఫోనులోని బ్యాటరీ త్వరగా దిగిపోవును, ఫోనునే నమ్ముకొనరాదు. ఏ రాత్రి ఎక్కడ బసయో వ్రాసిన కాగితమొకటి ఇంటియొద్ద నుంచిపొండు.

పిల్లల ముచ్చట

మంచుక్రీడ నేర్వగోరు పిల్లలకు మనదేశములో జోషీమఠముపై నున్న ఔలీ ప్రసిద్ధమైన తావు. 2011లో దక్షిణాసియా శీతకాలపు క్రీడలు కొన్ని ఇచ్చట జరిగినవి. గఢవాల్ మండల వికాస నిగమమువారు ఇచ్చట శిక్షణ నిచ్చుచున్నారు. 2023 జనవరిలో జోషీమఠమున నేల క్రుంగి ఇండ్లు బీటలు వాఱినప్పుడు ఔలీ తాటిదారిని నిలిపివేసిరి; కావున పోవుటకు ముందు త్రోవ సంగతి విచారించుకొనవలెను.

కుమారులో కుమార్తెలో జపానులో నుండగా పోవువారికి మఱియొక వసతి గలదు. సైబీరియా చలిగాలి జపాను సముద్రముపై నీటియావిరి గ్రహించి, పడమటి కొండలపై మంచుగా రాల్చును. అందుచే తక్కువ యెత్తుననే మంచు విస్తారము, ఎత్తువలన కలుగు బాధ లేదు. అక్కడివారికి ఈ క్రీడను 1911లో తకదా పట్టణమున లెర్ఖ్ అను ఆస్ట్రియా సేనాని నేర్పెను. టోక్యోనుండి యుజావాకు షింకన్‌సెన్ రైలులో గంటన్నరలోపు ప్రయాణము. శాకాహారులు మాత్రము జాగ్రత్తపడవలెను; అచ్చటి చారులలో చేపనీరు తఱచుగా కలుపుదురు.

ఎక్కడికి పోయినను, ఉడుపులను గుఱించిన మాటయు, తలనొప్పిని దాచరాదన్న మాటయు మఱువకుడు. మా అత్తగారు ఆ సంవత్సరమే, రెండురాత్రులు జోషీమఠమున విశ్రమించి, బదరీనాథుని దర్శించి సుఖముగా అమలాపురము చేరినది. యాత్రకు పోవు ఇరుగుపొరుగు స్త్రీలు సెలవు తీసికొనవచ్చినప్పుడు ఆమె చెప్పునది ఒక్కటే: “తల నొచ్చితే వెంటనే చెప్పండి అమ్మా. స్వామి ఎక్కడికీ పోడు.”