వంత పాడని వంతగాడు

1990వ దశకంలో కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో మన బైలదిల్లా కాలనీలలో పిల్లలు సాయంత్రం కాగానే టీవీల ముందు చేరి అమెరికా కుస్తీలు చూసేవారు. అది ముందుగా ఫలితం నిర్ణయించుకొని ఆడే ఆట అని పెద్దలు ఎంత చెప్పినా వినేవారు కారు. నేనూ వారి వెనుక కుర్చీ వేసుకొని కూర్చునేవాడిని. అయితే నన్ను ఆకర్షించినది మల్లులు కాదు, బల్ల వద్ద కూర్చొని వాదులాడుకొనే ఇద్దరు వ్యాఖ్యాతలు.

ఆ జంటలలో పేరుపడినది గొరిల్లా మాన్‌సూన్, బాబీ హీనన్‌లది. మాన్‌సూన్ ఒకప్పటి మల్లుడు. జరుగుతున్నది జరిగినట్లు గంభీరంగా చెప్పేవాడు. హీనన్ ఎల్లప్పుడూ దుష్టపాత్రల పక్షమే. 1992 జనవరిలో జరిగిన రాయల్ రంబుల్ పోటీలో ముప్పై మంది ఒకరి తరువాత ఒకరు బరిలోకి దిగారు. మూడవవాడుగా దిగిన రిక్ ఫ్లెయిర్ సుమారు గంటసేపు నిలిచి గెలిచాడు. ఆ గంటంతా హీనన్ అతని కొరకు ప్రాణం విడిచినంత పని చేశాడు. స్కాట్లాండు వేషంలో ఉండే రాడీ పైపర్ ఒక దశలో ఫ్లెయిర్‌కు మేలు జరిగే పని చేయగానే, అది లంగా కాదు, గౌరవనీయమైన కిల్టు అని హీనన్ కొనియాడాడు. మరుక్షణం పైపర్ ఫ్లెయిర్‌నే బాదగా, అది లంగాయేనని మాట మార్చాడు! పక్కన మాన్‌సూన్ విసుగు. ఆ విసుగు లేకపోతే ఈ హాస్యం పండదు.

మనకు ఇది కొత్త విద్య కాదు. బుర్రకథలో కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరు రాజకీయ వంత, మరొకరు హాస్య వంత. కథకుడు తంబురా మీటుతూ వీరావేశంతో యుద్ధఘట్టం చెబుతుండగా, హాస్య వంత అడ్డు తగిలి తిక్క ప్రశ్న వేస్తాడు. కథకుడు కసురుతాడు. రాజకీయ వంత ఆ పాతకథను నేటి ధరవరల దాకా లాగుకొని వస్తాడు. పద్మశ్రీ షేక్ నాజర్ (1920-1997) పల్నాటి యుద్ధం చెప్పినప్పుడు జనం తెల్లవార్లూ కదలకుండా కూర్చునేవారంటే, ఆయన గాత్రానికి తోడు ఈ అడ్డుపుల్లలూ కారణమే. కనుక ‘వంత పాడటం’ అంటే తానా అంటే తందానా అనటమని మనం వాడుకచేసుకొన్న అర్థం, నా దృష్టిలో, వంతలకు చేసిన అన్యాయం.

యంత్రశాలలో పనిచేసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. రెండు పళ్ళచక్రాల నడుమ కొద్దిపాటి ఖాళీ ఉండి తీరాలి. ఖాళీ లేకుంటే పళ్ళు బిగుసుకొని వేడెక్కుతాయి. ఎక్కువైతే కొట్టుకొని విరుగుతాయి. ఆ ఖాళీ ఎంత ఉండాలన్నదే సమస్య.

ఈ సమస్య నాకు స్వయంగా ఎదురైనది. కాలనీ కబడ్డీ పోటీలకు కొన్నేళ్ళపాటు నేనూ, మెకానికల్ విభాగపు మిత్రుడొకరూ కలిసి మైకు పట్టేవాళ్ళం. నేను తెలుగులో, ఆయన హిందీలో. నేను గనుల జట్టు పక్షం, ఆయన తన విభాగం పక్షం. జనం ఆటకంటే మా తగువుకే ఎక్కువ నవ్వేవారు. ఒక ఏడు మా ఆటగాడొకడు మోకాలు పట్టుకొని కూలబడ్డాడు. సిక్ లీవు కొరకు నాటకమని మిత్రుడు చమత్కరించాడు. జనం గొల్లుమన్నారు. కుర్రవాడు లేవలేదు. నేను ఆయన చేతిలోని మైకు లాగుకొన్నాను. మూడు వారాలు మా మధ్య మాటల్లేవు. ఆ మూడు వారాలూ ఆయన డ్యూటీ దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి ఆ కుర్రవాని మంచం పక్కన కూర్చునేవాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆట ఎక్కడ ఆగాలో తెలిసిన వ్యాఖ్యాతలను 1999 మే 23న కాన్సాస్ సిటీలో లోకం చూసింది. పైకప్పు నుండి తాడుపై దిగవలసిన ఓవెన్ హార్ట్ అనే మల్లుడు పట్టు ఊడి డెబ్బై అడుగులకు పైబడిన ఎత్తునుండి బరిలో పడ్డాడు. చతురోక్తులకు పేరుపడిన జెర్రీ లాలర్ బల్ల విడిచి బరిలోకి పరుగెత్తాడు. తిరిగివచ్చిన అతని ముఖంలో హాస్యం లేదు. జిమ్ రాస్, ఇది వినోదంలో భాగం కాదని ప్రేక్షకులకు స్పష్టంగా చెప్పాడు. కొంతసేపటికి మరణవార్తను కూడా ఆయనే చెప్పవలసి వచ్చింది.

ఇక మాన్‌సూన్, హీనన్‌ల సంగతి. 1993 డిసెంబరు 6న హీనన్ ఆ సంస్థను వీడే రోజున, మాన్‌సూన్ అతనిని పెట్టేబేడాతో సహా బయటకు గెంటివేయటం తెరపై చూపారు. అదంతా నటన. తరువాత హోటలులో ఇద్దరూ కౌగిలించుకొని ఏడ్చామని హీనన్ చెప్పుకొన్నాడు. 1999 అక్టోబరులో మాన్‌సూన్ మరణించాడు. గొంతు క్యాన్సరుతో పోరాడుతూనే 2004లో సన్మానవేదిక ఎక్కిన హీనన్, సభను కడుపుబ్బ నవ్వించి, చివరకు ఒక్క కొరత ఉన్నదన్నాడు: మాన్‌సూన్ ఇక్కడ లేడని.

నా మిత్రుడు పదవీ విరమణ చేసి కిరందుల్-విశాఖ పాసింజరులో వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడు కబడ్డీకి నేనొక్కడినే మైకు పట్టాను. పట్టిన పది నిమిషాలకే పిల్లలు వేరుశనగల బండి వైపు నడిచారు. ఆ రాత్రి ఆయనకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. ‘‘గెలిచింది ఎవరు?’’ అని మాత్రం అడిగాడు. మెకానికల్ జట్టేనని చెప్పక తప్పలేదు.